కుటుంబ విహారానికి క్వాడ్ బైకు: ఎంపికలో తెలుసుకోవలసిన విషయాలు

దసరా సెలవులకో, సంక్రాంతికో, వేసవికో ఇంటిల్లిపాదీ కలిసి కొండ ప్రాంతాలకు వెళ్ళినప్పుడు, అక్కడి విడిది గృహాల ఆవరణలో ఒక వింత వాహనం కనిపించడం నేడు సాధారణమైపోయినది. బొద్దుగా ఉబ్బిన నాలుగు చక్రాలు, మోటారు సైకిలుకు ఉన్నటువంటి హ్యాండిలు, గుర్రం మీద కూర్చున్నట్లు కాళ్ళు ఇరువైపులా వేసి కూర్చునే సీటు దీని గుర్తులు. దీనినే క్వాడ్ బైకు అంటారు. ఆల్ టెర్రైన్ వెహికిల్ అనే ఆంగ్ల నామాన్ని కుదించి ఎటివి అని పిలవడం కూడా వాడుకలో ఉన్నది. కొడగు, చిక్కమగళూరు, లోనావాలా, వికారాబాదు వంటి చోట్ల దీనిపై చుట్టు తిరగడం పిల్లలకూ పెద్దలకూ ఒక సరదాగా మారినది. మామిడి తోటలు, విశాలమైన మెట్ట భూములు ఉన్న మన సరిహద్దు గ్రామాల కుటుంబాలు కొన్ని సొంతంగా కొనాలని ఆలోచిస్తున్నవి కూడా.

అద్దెకు తీసుకున్నా, సొంతానికి కొన్నా, ఏ బండి ఎవరికి తగినదో తెలుసుకోకుండా ఎక్కడం ప్రమాదకరం. ఈ విషయం నేను పుస్తకాలలో కాక అనుభవంలో నేర్చుకున్నాను. ముందుగా దానిని చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

ఒక మధ్యాహ్నం జరిగినది

కొన్నేళ్ళ క్రితం మా అక్క కుటుంబంతో కలిసి ఒక కొండ ఊరికి వెళ్ళాము. అక్కడి విడిదిలో బావగారు ఒక క్వాడ్ బైకు ఎక్కి, 11 ఏళ్ళ మా మేనకోడలిని వెనుక సామాను పెట్టే ఇనుప చట్రం మీద కూర్చోబెట్టుకున్నారు. ఇద్దరు ఎక్కవచ్చునా అని అడిగితే, "ఏమీ కాదు సార్, అందరూ అలాగే ఎక్కుతారు" అన్నాడు బండ్లు అప్పగించే కుర్రవాడు. మలుపులో ఒక చిన్న మట్టి దిబ్బ ఎక్కుతుండగా ముందు చక్రాలు లేచి బండి పక్కకు ఒరిగిపోయినది. బావగారు దూకగలిగారు. పాప కింద పడింది. ఎడమ ముంజేతి ఎముక విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నది. బండి ఆమెకు అడుగు దూరంలో ఆగినది కనుక అంతటితో పోయినది.

ఆ సాయంత్రం ఆ బండి మీద ఎండిన బురదను చేతితో తుడిచి చూశాను. దాని మీద ఆంగ్లంలో హెచ్చరికలు అంటించి ఉన్నవి. 16 ఏళ్ళ లోపు వారు నడపరాదనీ, వెనుక ఎవరినీ ఎక్కించుకోరాదనీ, తారు రోడ్డు మీద నడపరాదనీ బొమ్మలతో సహా రాసి ఉన్నది. "నీకు ఇంగ్లీషు చదవడం వచ్చును కదరా తమ్ముడూ, ఎక్కక ముందే ఒకసారి చదవకపోయావా" అన్నది అక్క. ప్రశ్నపత్రం పూర్తిగా చదివిన తరువాతే జవాబు రాయమని బడిలో పిల్లలకు చెప్పే నాకు ఆ మాటకు సమాధానం దొరకలేదు. ఆ హెచ్చరికలు ఏమి చెబుతున్నవో, ఎందుకు చెబుతున్నవో మన భాషలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంత చరిత్ర

జపానుకు చెందిన హోండా సంస్థ 1970లో మూడు చక్రాల బండిని అమెరికా మార్కెట్టులోకి తెచ్చింది. ముందు ఒకటి, వెనుక రెండు ఉబ్బెత్తు చక్రాలు గల ఆ బండి మంచులోనూ ఇసుకలోనూ నడిచేది. కాని మలుపులలో సులువుగా తిరగబడేది. 1980ల ఆరంభంలో సుజుకి సంస్థ నాలుగు చక్రాల బండిని ప్రవేశపెట్టింది. మూడు చక్రాల బండ్ల వల్ల గాయాలు, మరణాలు పెరగడంతో అమెరికాలో తయారీదారులకూ వినియోగదారుల భద్రతా సంఘానికీ మధ్య 1988లో ఒక ఒప్పందం కుదిరి, వాటి అమ్మకం నిలిచిపోయినది. 2008లో చేసిన చట్టం కొత్త మూడు చక్రాల బండ్ల దిగుమతిని నిషేధించి, నాలుగు చక్రాల బండ్లకు భద్రతా ప్రమాణాలను తప్పనిసరి చేసింది.

ఆస్ట్రేలియాలో ఈ బండ్లను పొలం పనులకు విరివిగా వాడతారు. అక్కడ బండి తిరగబడి మీద పడడం వల్ల రైతులు చనిపోతూ ఉండడంతో 2019లో ఒక ప్రమాణం చేశారు. దాని రెండవ దశ 2021 అక్టోబరులో అమలులోకి వచ్చింది. అప్పటి నుండి అక్కడ అమ్మే సాధారణ వినియోగపు కొత్త క్వాడ్ బైకులకు, బండి తిరగబడినప్పుడు నడిపేవారు నలిగిపోకుండా కాపాడే చట్రం ఉండవలెను. అనుభవం గల రైతులకే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, ఏడాదికి ఒకసారి ఎక్కే మనకు ఎంత జాగ్రత్త కావాలో ఊహించుకోవచ్చును.

రకాలు

క్వాడ్ బైకులన్నీ ఒకేలా కనిపించినా, వాటిలో స్పష్టమైన రకాలు ఉన్నవి.

మొదటిది, పిల్లల బండ్లు. ఇంజను సాధారణంగా 50 నుండి 110 సీసీ వరకు ఉంటుంది. గేర్లు మార్చే పని ఉండదు. యాక్సిలేటరు ఎంత దూరం కదలాలో నియంత్రించే ఒక మరను పెద్దలు బిగించి వేగాన్ని తగ్గించవచ్చును.

రెండవది, క్రీడా రకం. యమహా రాప్టర్ 700 ఇందుకు ఉదాహరణ. బరువు తక్కువ, వేగం ఎక్కువ. వెనుక చక్రాలకు మాత్రమే ఇంజను శక్తి అందుతుంది. చేతితో క్లచ్, కాలితో గేర్లు వేయాలి. పందెపు బాటలకు, అనుభవజ్ఞులకు ఉద్దేశించినది. కుటుంబ విహారానికి ఇది తగదు.

మూడవది, పని రకం. హోండా ఫోర్ ట్రాక్స్ రాంచర్, పొలారిస్ స్పోర్ట్స్ మన్, సుజుకి కింగ్ క్వాడ్ ఈ కోవలోనివి. ముందు వెనుకల సామాను చట్రాలు ఉంటాయి. అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. బరువు సుమారు 250 నుండి 350 కిలోలు. నింపాదిగా నడిపే పెద్దవారికి ఇదే అనువైనది. అయితే ఆ సామాను చట్రం మనిషి కూర్చోవడానికి కాదు.

నాలుగవది, ఇద్దరు కూర్చునే రకం. కాన్ ఆమ్ అవుట్ లాండర్ మాక్స్ వంటి వాటిలో ముందు వెనుక చక్రాల మధ్య దూరం పెంచి, వెనుకవారికి వేరే సీటు, పట్టుకోవడానికి పిడులు, కాళ్ళు ఆనించే చోటు అమర్చుతారు. ఒకరికి మించి ఎక్కడానికి తయారీదారు అనుమతించిన క్వాడ్ బైకు ఇది ఒక్కటే.

ఐదవది, పక్కపక్కన కూర్చునే రకం. దీనిని సైడ్ బై సైడ్ అంటారు. పొలారిస్ రేంజర్, హోండా పయనీర్ ఇందుకు ఉదాహరణలు. ఇది చిన్న జీపు వంటిది. హ్యాండిలుకు బదులు స్టీరింగు చక్రం, సీటు బెల్టులు, తలపై ఉక్కు చట్రం ఉంటాయి. తల్లిదండ్రులు పిల్లవాడిని వెంట తీసుకొని వెళ్ళదలచినచో క్వాడ్ బైకు కన్న ఇదే మేలు. కాని పిల్లవాడి వీపు సీటుకు ఆనుకొని ఉండగా పాదాలు నేలపలకను పూర్తిగా తాకాలి, చేయి పిడికి అందాలి, బెల్టు సరిగా అమరాలి. అంత ఎత్తు ఎదగని పిల్లలను ఎక్కించరాదు.

బండి ఎందుకు తిరగబడుతుంది?

నాలుగు చక్రాలు ఉన్నవి కనుక పడిపోదు అనుకోవడమే అన్నిటికన్న పెద్ద పొరపాటు. దీని వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. పైన కూర్చున్న మనిషి బరువు కూడా పైభాగానికే చేరుతుంది. అందువల్ల గట్టు మీదో, వాలులోనో ఒక పక్క చక్రాలు పైకి లేస్తే బండి దొర్లడానికి ఎంతో సమయం పట్టదు. మోటారు సైకిలు పడితే మనిషి పక్కకు పడతాడు. క్వాడ్ బైకు మాత్రం దొర్లి మనిషి మీదికే రావచ్చును. 250 కిలోల బరువు ఛాతీ మీద ఉంటే ఎముకలు విరగకపోయినా ఊపిరి ఆడదు.

వెనుక రెండవ మనిషి కూర్చుంటే బరువు వెనుకకు జరుగుతుంది. ఎగువకు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి. మా బావగారి బండికి జరిగినది ఇదే. పైగా ఈ బండిని నడిపేవారు తమ శరీరాన్ని ముందుకూ వెనుకకూ పక్కలకూ వంచుతూ సమతూకం కాపాడుకోవాలి. వెనుక మనిషి నడుము పట్టుకొని ఉంటే అది సాధ్యం కాదు.

మలుపుల సంగతి మన ఎద్దుబండితో పోల్చి చూస్తే సులభంగా అర్థమవుతుంది. ఎద్దుబండి చక్రాలు ఇరుసుపై దేనికది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడుస్తాయి. కారులో ఈ పనిని డిఫరెన్షియల్ చేస్తుంది. కాని పిల్లల బండ్లలోనూ, క్రీడా రకంలోనూ ఎక్కువ భాగం వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. రెండూ ఒకే లెక్కన తిరుగుతాయి కనుక మలుపులో ఒక చక్రం కొంచెం జారక తప్పదు. మట్టి మీద అది జారుతుంది. తారు రోడ్డు మీద పట్టు గట్టిగా ఉండడం వల్ల జారదు. అప్పుడు బండి మలగకుండా నేరుగా పోవడమో, ఒరిగిపోవడమో జరుగుతుంది. తారు రోడ్డు మీద నడపరాదు అన్న హెచ్చరిక వెనుక ఉన్న కారణాలలో ఇది ముఖ్యమైనది.

టైర్లలో గాలి కూడా వేరు. కారు టైరులో 30 పీఎస్ఐ వరకు గాలి ఉంటే, క్వాడ్ బైకు టైరులో సాధారణంగా 3 నుండి 7 పీఎస్ఐ మాత్రమే ఉంటుంది. పెట్రోలు బంకులోని మీటరు అంత తక్కువ గాలిని సరిగా చూపలేదు. అలవాటు చొప్పున గట్టిగా గాలి నింపితే టైరు బంతిలా ఎగురుతుంది, పట్టు పోతుంది. ఈ బండికి తక్కువ గాలిని కొలిచే ప్రత్యేకమైన గేజి ఉండవలెను. నాలుగు టైర్లలోనూ తయారీదారు చెప్పిన కొలతే ఉండవలెను.

వయస్సు, శరీర పరిమాణం

అమెరికా ప్రమాణాలలో వయస్సును బట్టి బండ్లను విభజించారు. మన దేశానికి దిగుమతి అయ్యే బండ్ల మీద కూడా ఈ వయస్సులే కనిపిస్తాయి.

6 ఏళ్ళు నిండినవారి బండి: వేగ నియంత్రణ ఉంచినప్పుడు గంటకు సుమారు 16 కిలోమీటర్లు, తీసివేసినప్పుడు సుమారు 24 కిలోమీటర్లు మించరాదు.

10 ఏళ్ళు, 12 ఏళ్ళు నిండినవారి బండ్లు: నియంత్రణతో గంటకు సుమారు 24 కిలోమీటర్లు, లేకుండా సుమారు 48 కిలోమీటర్లు మించరాదు.

14 ఏళ్ళు నిండినవారి బండి: పెద్దల పర్యవేక్షణలో మాత్రమే నడపవలసిన మధ్యస్థ రకం.

16 ఏళ్ళు నిండినవారికి: పెద్దల బండి.

ఇది తయారీదారులు పాటించే విభజన. అమెరికాలోని పిల్లల వైద్యుల సంస్థ అయిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాత్రం 16 ఏళ్ళ లోపు పిల్లలు ఏ పరిమాణపు క్వాడ్ బైకునూ నడపరాదని చెబుతున్నది. పిల్లల బండి ఎక్కించే తల్లిదండ్రులు ఈ రెండు మాటలనూ తెలుసుకొని నిర్ణయించుకోవలెను. పిల్లవాడు ఇంట్లో మాట వింటాడా, ఆగమన్న చోట ఆగుతాడా, దూరాన్ని అంచనా వేయగలడా అన్నవి వయస్సు కన్న ముఖ్యమైన ప్రశ్నలు. అవి తల్లికి తెలిసినంతగా అమ్మేవాడికి తెలియవు.

శరీరానికి బండి సరిపోయినదా అని చూడడానికి సులువైన పద్ధతి ఉన్నది. పాదాలు ఆనించే పలకల మీద నిలబడినప్పుడు సీటుకూ శరీరానికీ మధ్య సుమారు 3 నుండి 6 అంగుళాల ఖాళీ ఉండాలి. కూర్చొని హ్యాండిలు పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. హ్యాండిలును రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు కూడా బొటనవేలు యాక్సిలేటరుకు, వేళ్ళు బ్రేకుకు అందాలి. ఇందులో ఒక్కటి కుదరకపోయినా ఆ బండి ఆ మనిషికి తగదు.

కొనేటప్పుడు చూడవలసిన అంగాలు

యాక్సిలేటరు: క్వాడ్ బైకులో బొటనవేలితో నొక్కే మీట ఉంటుంది. మోటారు సైకిలులో వలె తిప్పే పిడి ఉండదు. గతుకులలో శరీరం వెనక్కి ఊగినప్పుడు పొరపాటున వేగం పెరగకుండా ఉండడం దీని మేలు. నొక్కి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. అతుక్కుపోయే మీట ఉన్న బండిని ఎక్కరాదు.

గేర్లు: స్కూటరులో వలె బెల్టుతో తనంతట తాను మారే ఏర్పాటు కొత్తవారికి సుఖం. వెనుకకు నడిచే గేరు ఉండవలెను. అది లేకపోతే ఇరుకు చోట బరువైన బండిని చేతులతో లాగవలసి వస్తుంది. దిగువకు దిగేటప్పుడు ఇంజను వేగాన్ని అదుపు చేయగలదా అని కూడా అడగండి.

ప్రాణతాడు: ఒక చివర ఇంజను స్విచ్చుకు, మరొక చివర నడిపేవారి మణికట్టుకు కట్టే తాడు ఇది. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. పిల్లల బండ్లలో కొన్నింటికి దూరం నుండి ఇంజను ఆపే రిమోటు కూడా ఉంటుంది. పిల్లలకు కొనేటప్పుడు ఈ రెండూ అడిగి తీసుకోవలెను.

విడి భాగాలు: అన్నిటికన్న ముందు అడగవలసినది ఇదే. బ్రేకు ప్యాడ్లు, బెల్టు, గాలి ఫిల్టరు, టైర్లు ఎక్కడ దొరుకుతాయి? బాగు చేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? పేరూ ఊరూ లేని చవక బండ్లు కొన్ని నెలలకే విడి భాగాలు లేక కోళ్ళ గూటి పక్కన చేరుతాయి.

పాత బండి: ముందు భాగాన్ని ఎత్తి చక్రాలను పట్టుకొని ఊపి చూడండి. శబ్దం, వదులు ఉండరాదు. వెనుక చక్రాలను తిప్పి ఇరుసు వంకర పోయినదేమో గమనించండి. చట్రంపై తిరిగి అతికించిన వెల్డింగు గుర్తులు ఉంటే అది దొర్లిన బండి అని అనుమానించవచ్చును. గాలి ఫిల్టరు విప్పి చూస్తే పాత యజమాని ఎలా చూసుకున్నాడో తెలుస్తుంది. ఛాసిస్ సంఖ్య బిల్లుతో సరిపోవాలి.

చట్టం ఏమి చెబుతున్నది?

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం బహిరంగ స్థలంలో నడిపే ప్రతి మోటారు వాహనానికి రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. నడిపేవారికి లైసెన్సు ఉండాలి. విహారానికి అమ్మే క్వాడ్ బైకులలో చాలా వాటికి రోడ్డుపై తిరిగే అనుమతి లేదు. వాటిని సొంత భూమిలోనో, మూసి ఉన్న ఆవరణలోనో మాత్రమే నడపాలి. ఊరి వీధి, పంచాయతీ బాట, చెరువు కట్ట మీది దారి కూడా బహిరంగ స్థలాలే. పొలం ఇంటికి అర కిలోమీటరే కదా అని రోడ్డు మీదుగా నడుపుకొని పోవడం నేరం. చిన్న సరుకు బండిలోనో, ట్రాక్టరు ట్రాలీలోనో చేర్చాలి.

2019లో పొలారిస్ సంస్థ స్పోర్ట్స్ మన్ 570 ట్రాక్టర్ అనే బండిని ట్రాక్టరు వర్గం కింద రోడ్డు అనుమతితో మన దేశంలో విడుదల చేసింది. అప్పటి ధర సుమారు 8 లక్షల రూపాయలు. ఇటువంటి అనుమతి ఉన్నదని ఎవరైనా చెబితే, ఆ నమూనాకే అనుమతి పత్రం ఉన్నదా అని చూసి, రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు చెల్లించండి. బజాజ్ క్యూట్ వంటి క్వాడ్రిసైకిల్ వేరు, క్వాడ్ బైకు వేరు. పేర్లలోని పోలికను చూసి మోసపోరాదు.

మైనరు పిల్లలు రోడ్డు మీద వాహనం నడిపి నేరం చేస్తే, 2019 సవరణతో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేవరకు లైసెన్సు రాదు.

మన సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరొక రాష్ట్రంలో ఉండడం పావగడ, బాగేపల్లి, హోసూరు, బళ్ళారి, పర్లాకిమిడి ప్రాంతాలలో కొత్త కాదు. బండిని సరుకు వాహనంలో సరిహద్దు దాటించేటప్పుడు కొన్న బిల్లును వెంట ఉంచుకోండి. రిజిస్ట్రేషన్ ఉన్న వాహనమైతే, మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచినప్పుడు అక్కడి రిజిస్ట్రేషన్ సంఖ్య తీసుకోవలసి ఉంటుంది.

మన నేలలు, మన పొలాలు

బళ్ళారి, రాయచూరు, నాందేడు వైపు నల్లరేగడి వాన పడితే చక్రాలకు ముద్దలుగా అంటుకుంటుంది. తడి ఆరే వరకు బండి తీయకపోవడమే మంచిది. కోలారు, పావగడ, హోసూరు వైపు ఎర్ర నేలల్లో ఎండాకాలం దుమ్ము లేచి వెనుక వచ్చేవారికి దారి కనబడదు. బండికీ బండికీ మధ్య దూరం ఎక్కువగా ఉంచాలి. తుమ్మ ముళ్ళు మెత్తని టైర్లలో తేలికగా దిగుతాయి కనుక పంక్చరు సామాను, చేతి పంపు వెంట ఉండాలి.

పొలాలలో మరికొన్ని ప్రమాదాలు దాగి ఉంటాయి. గోడ లేని పాత బావులు, మూయని బోరు గుంటలు, అడవి పందుల కోసం కట్టిన తీగలు, గడ్డిలో కనబడని గట్లు అటువంటివి. బండి తీయక ముందు దారిని కాలినడకన ఒకసారి తిరిగి చూడవలెను. ఈ ఒక్క పని చాలా ప్రమాదాలను తప్పిస్తుంది.

అభయారణ్యాలలో అనుమతి లేకుండా ప్రవేశించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం నేరం. గంజాం జిల్లాలోని ఋషికుల్య నది ముఖద్వారం వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెడతాయి. బరంపురం వైపు ఉన్న మన కుటుంబాలకు ఆ తీరం పరిచితమే. చక్రాల బరువు ఇసుకలోని గుడ్లను నలిపివేస్తుంది. చక్రాల చాళ్ళలో పడిన తాబేలు పిల్లలు సముద్రాన్ని చేరలేవు. అటువంటి తీరాలలో ఈ బండ్లను నడపరాదు.

దుస్తులు

హెల్మెట్టు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే సంఖ్య ఉండాలి. పిల్లలకు పిల్లల కొలతదే కావాలి. పెద్దలది పెడితే కుదుపుకు కళ్ళ మీదికి జారుతుంది. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు, మడమలు కప్పే బూట్లు, నిండు చేతుల చొక్కా అవసరం. హవాయి చెప్పులు పనికిరావు.

చీర కొంగు, చున్నీ, పంచె చెంగు, లుంగీ తిరిగే ఇరుసుకు, గొలుసుకు చుట్టుకుంటే మెడకే ప్రాణాపాయం. మన ఆడవారు ఎక్కదలచినచో సల్వారు వేసుకొని, చున్నీ తీసివేసి, జడను ముడిచి హెల్మెట్టులోకి దోపుకోవలెను. సంప్రదాయం పోతుందేమోనని సంకోచించేవారు ఎక్కకుండా ఉండడమే క్షేమం.

నడిపే పద్ధతి

ఎగువకు ఎక్కేటప్పుడు శరీరం ముందుకు వంచాలి. సగం దూరంలో ఆగిపోతే అక్కడే మలుపు తిప్పరాదు. బ్రేకు పట్టి, ఎగువ వైపు నుండి దిగి, సాయం పిలవాలి. దిగువకు దిగేటప్పుడు శరీరం వెనక్కి జరపాలి, తక్కువ గేరులో నెమ్మదిగా దిగాలి. మలుపులో ముందే వేగం తగ్గించి, శరీరాన్ని ముందుకు, మలుపు లోపలి వైపుకు వంచాలి. వాలుకు అడ్డంగా నడపడం కొత్తవారు మానుకోవాలి. మద్యం తాగినవారికి తాళం ఇవ్వరాదు. ఆ వ్యక్తి బావగారైనా, మామగారైనా మొగమాటం కూడదు.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

ఏడాదికి రెండు మూడు విహారాలు మాత్రమే చేసే కుటుంబానికి అద్దె చాలు. కొన్న బండి మిగిలిన రోజులన్నీ ఊరకే ఉండి బ్యాటరీ పోతుంది, పెట్రోలు పాడవుతుంది. అయిదారు ఎకరాలకు మించిన సొంత తోట ఉండి, ఎరువు బస్తాలు, మందు పిచికారీ సామాను చేరవేసే పని కూడా ఉన్నవారు పని రకపు బండిని ఆలోచించవచ్చును.

ఒక ఉదాహరణ చూద్దాము. తల్లి, తండ్రి, 15 ఏళ్ళ అబ్బాయి, 9 ఏళ్ళ అమ్మాయి ఉన్న ఇల్లు అనుకుందాము. ఆ నలుగురికీ సరిపోయే ఒక క్వాడ్ బైకు ఎక్కడా లేదు. తండ్రి ఎక్కే బండి అబ్బాయికి తగదు. అబ్బాయి ఎక్కే బండి అమ్మాయికి తగదు. ఆ ఇంటివారు కలిసి తిరగాలనుకుంటే శిక్షణ పొందిన వ్యక్తి నడిపే సైడ్ బై సైడ్ బండిని అద్దెకు తీసుకోవడం ఉత్తమం. అది కూడా అమ్మాయి ఎత్తు సరిపోతేనే.

ఎక్కక ముందు అడగవలసిన పది ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకొని విహారానికి వెళ్ళేటప్పుడు వెంట ఉంచుకోండి.

1. ఈ బండి ఎంతమందికి? ఎన్నేళ్ళ వారికి? బండి మీది హెచ్చరిక ఎక్కడ ఉన్నది?
2. సరైన కొలత హెల్మెట్టు ప్రతి ఒక్కరికీ ఉన్నదా?
3. బ్రేకులు రెండూ పట్టుతున్నవా?
4. యాక్సిలేటరు వదలగానే వెనక్కి వస్తున్నదా?
5. ప్రాణతాడు ఉన్నదా, పని చేస్తున్నదా?
6. టైర్లలో గాలి కొలిచారా?
7. ముందు చదునైన చోట నేర్పుతారా?
8. బాట మీద ఎదురుగా వచ్చే బండ్లు ఉంటాయా?
9. ప్రథమ చికిత్స పెట్టె, దగ్గరి ఆసుపత్రి ఎక్కడ?
10. సంతకం పెట్టమన్న పత్రంలో ఏమి రాసి ఉన్నది?

పదవ ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. ఆ పత్రం ఆంగ్లంలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో ఉండవచ్చును. ప్రమాదం జరిగితే బాధ్యత మీదేనని అందులో రాసి ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఆ భాష చదవగలిగిన పిల్లవాడు ఉంటే వాడిచేత గట్టిగా చదివించుకోండి. పెద్దలకు అందులో చిన్నతనం ఏమీ లేదు.

ప్రమాదం జరిగితే 108 గాని 112 గాని పిలవాలి. సరిహద్దులో సెల్ ఫోను పొరుగు రాష్ట్రపు టవరును పట్టుకోవచ్చును కనుక, ముందుగా రాష్ట్రం, జిల్లా, తాలూకా లేదా మండలం, ఊరు పేర్లు వరుసగా చెప్పండి. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే మనిషిని లేపి కూర్చోబెట్టరాదు.

మా మేనకోడలి చేయి పూర్తిగా బాగుపడినది. కిందటి సెలవులలో మళ్ళీ ఒక విడిదికి వెళ్ళినప్పుడు ఆమె క్వాడ్ బైకు వద్దకు వెళ్ళి, మొదట దాని పక్కన వంగి, బురద తుడిచి, హెచ్చరికను పైకి చదివింది. తరువాత దానిని వాళ్ళ నాన్నకు తెలుగులో చెప్పింది. ఆ రోజు ఎవరి బండి వారే ఎక్కారు.